తడి తువ్వాలు

విజయనగరంలో నా కంప్యూటర్ బాగుచేసే ఆయన మెడలో ఏ కాలంలోనైనా ఒక తడి తువ్వాలు ఉండేది. దాని అంచు ఒకవైపే పీక్కుపోయి ఉండేది. రెండూ ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

నేను శుభలేఖలు డిజైన్ చేస్తాను. కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతుంటే, చల్లబడుతుందని నేనే మరో రెండు ఫ్యాన్లు కొని బిగించాను. అప్పట్నుంచి ఇంకా త్వరగా ఆగిపోసాగింది. మర్నాటికి ఒక పెళ్ళివారికి కార్డు ఇవ్వాలి. పెట్టె మోసుకెళ్ళి ఆయన కొట్లో బల్ల మీద పెట్టాను.

ఆయన మూతైనా తీయలేదు. స్విచ్ వేసి, తువ్వాలు అంచు నుంచి ఒక పోగు లాగి, అది ఆరేదాకా నోటితో ఊదాడు. తర్వాత దాన్ని ఒక్కో ఫ్యాన్ దగ్గరా పట్టి చూశాడు. నాలుగు చోట్లా పోగు లోపలికే వంగింది.

"అన్నీ లోనకే ఊదతన్నాయి బావూ. వచ్చిన గాలి మరెటెల్తాది? తూర్పారబట్టినోడు గాలెటు పోతందో సూసుకోడేటి?"

అప్పుడు మూత తీసి, వెనక ఫ్యాన్నీ పై ఫ్యాన్నీ తిప్పి బిగించాడు. ఈసారి అక్కడ పోగు బయటికి ఎగిరింది. గంట గడిచినా కంప్యూటర్ ఆగలేదు.

ఆ గంటలో నా చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చుట్టూ చూశాను. వెనక గోడకు కిటికీ ఉంది. రెక్కలు మూసి మేకులు కొట్టి ఉన్నాయి.

"అది తెరిస్తే ఇక్కడా గాలాడుతుంది కదండీ?"

"ఆడతాది. ఎనకింటోళ్ళ కుళాయి అటే ఉన్నాది, ఆడోళ్ళు తానాలు సేస్తారు. నేనే కొట్టీసినాను మేకులు," అంటూ తువ్వాలును బకెట్లో ముంచి, పిండి, మళ్ళీ మెడకు చుట్టుకున్నాడు.