పందులు తవ్వని దుంప

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను కొత్త జాతి అని పేరు పెట్టిన మొక్క ఒకే ఒక్కటి. కిందటేడు ఆ పేరు కొట్టేయాల్సి వచ్చింది, అదీ నా చేత్తోనే. నా వరకు పెద్ద బాధేమీ లేదు. కానీ పెట్టింది నా పేరు కాదు, పద్మనాభం వైపు కొండల్లో నన్ను తిప్పిన ఒక రైతు పేరు. ఆయనకు ఈ మాట ఎలా చెప్పడమా అన్నదే నా బెంగ.

నేను పనిచేసేది మద్దిలపాలెం దగ్గర ఒక ఎండు మొక్కల గదిలో. ఇనుప బీరువాలు, అట్టలకు కుట్టిన మొక్కలు, పురుగు పట్టకుండా వేసిన మందు వాసన. ఒక ప్రజాతిని, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపును, సవరించడమంటే, అందులో ఇంతవరకు ఎవరెవరు ఏ పేర్లు పెట్టారో అన్నీ బయటికి లాగి, ఏవి నిజంగా వేరు జాతులో, ఏవి ఒకే మొక్కకు పెట్టిన రెండు పేర్లో తేల్చడం. వాటాల తగువు తీర్చే పెద్దమనిషి పనిలాంటిదే. కాకపోతే మొక్కలు ఎదురు మాట్లాడవు. నేను తీసుకున్నవి నేల ఆర్కిడ్లు. తొలకరికి దుంప నుంచి ఒంటి కాడ మీద పువ్వు వస్తుంది. అది వాడిపోయి జాడ లేకుండా పోయాక, నడి వానల్లో అదే దుంప నుంచి ఒకే ఒక్క ఆకు లేస్తుంది. పువ్వూ ఆకూ ఎప్పుడూ కలిసి కనిపించవు.

పన్నెండేళ్ల క్రితం ఆ రైతుతో తిరుగుతుంటే ఒక కొండ మీద పువ్వు దొరికింది. ఒకటి తెచ్చుకుని, మిగిలినవి ఉన్నచోట గుర్తుగా ఒక రాయి పెట్టి, దానికి గుడ్డపీలిక కట్టి వచ్చాం. రెండు నెలల తర్వాత ఆకు కోసం వెళ్తే చుట్టూ నేలంతా అడవి పందులు తవ్వి పోశాయి. రాయి పక్కన మాత్రం ఒక ఆకు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని నిండా నూగు. ఈ ప్రజాతిలో అలాంటి పువ్వుకు నూగు ఆకు ఉన్నట్టు ఎవరూ రాయలేదు. నా అదృష్టం కొద్దీ పందులు దీన్ని వదిలేశాయని కొండకు దండం పెట్టాను. పువ్వునూ ఆకునూ ఒకే అట్ట మీద కుట్టి, కొత్త జాతి అని ప్రకటించి, బాబాయ్ పేరు పెట్టాను. ఆయన్ని నేను మొదటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాను.

ప్రజాతి మొత్తం సవరించే పని మొదలయ్యాక అదే కొండకు వెళ్లి, పువ్వుతో ఉన్న దుంపలే తవ్వి తెచ్చి, కూర్మన్నపాలెంలో మా మేడ మీద కుండీల్లో వేశాను. ఆగస్టులో ఆకులు లేచాయి. అన్నీ నున్నగా ఉన్నాయి. దుమ్ము కింద నూగు కనబడటం లేదేమో అని తడిగుడ్డతో తుడిచి మరీ చూశాను. తుడిస్తే ఇంకా నున్నగా మెరిశాయి. విషయం తేలిపోయింది. పువ్వు ఇదివరకే పేరున్న జాతిదే, ఆకు అలాగే పేరున్న ఇంకో జాతిది. రెండూ కలిపి కుట్టిన మొక్క మాత్రం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, నా విషయంలో అదే జరిగింది.

పాత నోటుబుక్కు తీసి చూశాను. ఆకు కోసిన రోజు పేజీ అంచున పెన్సిలుతో నేనే రాసుకున్న ముక్క ఉంది: ‘పువ్వు దుంప పందులు తింటాయట. ఈ నూగాకు దుంప ముట్టవట. బాబాయ్ మాట.’ చేదు దుంపను వదిలేసి తియ్య దుంపను తినిపోయిన పందులకు ఉన్నపాటి జ్ఞానం నాకు లేకపోయింది. సిగ్గేసింది.

వెళ్లడానికి రెండు నెలలు వెనకాడాను. చివరికి ఒక ఆదివారం బస్సెక్కాను. ఆయన ఇంటి వీధి గదిలో నా వ్యాసం మొదటి పేజీ పటం కట్టి ఉంది. చేనుకు నీరు పెట్టి అప్పుడే వచ్చాడు, ఆయన కాళ్లకు ఇంకా బురద ఉంది. కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకునే జరిగిందంతా చెప్పాను. ఆయన పటం వైపు చూశాడు.

“పేరు బొత్తిగా పోతాదేటి మేడమ్?”

“పోదు బాబాయ్. అసలు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఇది చెల్లదు అని తెలిసేలా.”

“మరి పేరెట్టినోలు?”

“దాని పక్కనే నా పేరూ ఉంటుంది. రెండూ విడదీయరు.”

“అయితే ఏటుంది, ఇద్దరం కిందే ఉందాం,” అని నవ్వాడు. ఆ నవ్వుతోనే అన్నాడు: “ఆ ఆకు దాంది కాదని నాకెప్పుడో తెలుసండి. మీ కాయితం ఒచ్చి, అందులో బొమ్మ సూసిన రోజే తెలిసిపోనాది.”

“తెలిసి మరి నాకెందుకు చెప్పలేదు?”

“పేరెట్టీసి, పదిమందికీ సెప్పీసుకున్నారు. అప్పుడు నాను కాదంటే మీకు నామర్దా కాదేటి?”

ఏడుపొచ్చింది, మజ్జిగ తాగుతున్నట్టు గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన పటం దించి, దాని మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, మళ్లీ అదే మేకుకు తగిలించాడు.