పైవారెవరూ కాదు, డ్వైట్ కూడా

ఆర్లీన్ స్టాక్‌పోల్ ఓటు వెయ్యదు. మా హార్లో ఊళ్ళో ఈ సంగతి తెలియని మనిషి లేడు. తెలియదని ఎవరైనా అంటే వాడు మొన్నీమధ్యే పక్క రాష్ట్రం మసాచుసెట్స్ నుంచి దిగినవాడై ఉంటాడు. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ ఆమెది. తండ్రి పోయాక ఆ గొట్టం చేత పట్టింది, ఇంతవరకూ వదల్లేదు. "రిపబ్లికన్ల ట్యాంకులూ తోడాను, డెమొక్రాట్ల ట్యాంకులూ తోడాను. దొందూ దొందే. కాకపోతే ఆ రెండోవాళ్ళు ముందుగా క్షమాపణ చెప్పుకుంటారు, అంతే తేడా," అంటుంది.

నా పేరు గిల్ బుషే. రంపాలూ, మంచు తోసే యంత్రాలూ బాగుచేస్తాను. ఆర్లీన్, ఆమె మొగుడు డ్వైట్, నేను, ఈ చుట్టుపక్కల లిబర్టేరియన్లమంటే మేమే. ప్రభుత్వం ఎంత తక్కువగా ఉంటే అంత మేలనే బాపతు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మా పన్నులు ఎవడో పంచిపెడుతుంటే ముగ్గురికీ ఒళ్ళు మంట. ఆ ఒక్క మంట తప్ప ఇంక ఏ విషయంలోనూ మాకు పొసగదు.

ముఖ్యంగా ఓటు విషయంలో.

"ఓటంటే ఏంటి గిల్? పక్కింటోడి నెత్తిన కొట్టే కర్ర ఎవడి చేతికివ్వాలో చెప్పడమేగా! నేనెవడికీ ఇవ్వను," అనేది ఆర్లీన్.

"మరి పార్టీ సభకెందుకొస్తావు? ఉపవాసం ఉన్నదానికి వంటింట్లో ఏం పని?"

"మీరేం తగలేస్తున్నారో కనిపెట్టొద్దూ!"

డ్వైట్ అలా కాదు. చర్చిల్లో, బళ్ళలో పియానోలు శ్రుతి చేసుకునే మనిషి. నోట్లో నాలుక లేదు. మనసులో మాత్రం మేకు దిగ్గొట్టినట్టు ఒక నమ్మకం ఉండేది, మంచి మనిషి పేరు ఒక్కటైనా బాలట్ మీద ఉంటే దేశం ఎప్పటికో ఒకప్పటికి అతన్ని చూస్తుందని. నవంబరులో ఎన్నికల రోజున పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని టౌన్ హాలుకి బయల్దేరేవాడు. ఆ పొద్దున నేను వాళ్ళింట్లోనే కాఫీ తాగేవాణ్ణి, కేవలం ఆ తమాషా చూడ్డానికి.

"పెళ్ళికొడుకు తయారయ్యాడండోయ్!" ఆర్లీన్ పెనం మీద గుడ్లు తిరగేస్తూ అరిచేది. "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి! ఇవాళ ఏ రాయి?"

"రాయి కాదు, మన పార్టీ అతనే."

"అతనికి పడేది నీ ఓటూ, వాళ్ళమ్మ ఓటూ."

"పోన్లే, వాళ్ళమ్మకి తోడుంటాను," అనేవాడు డ్వైట్, టోపీ పెట్టుకుంటూ. ఆమె కిటికీ దగ్గర నిలబడి అతను రోడ్డు మలుపు తిరిగేదాకా చూసేది. ఎందుకు చూసేదో నాకప్పుడు పట్టలేదు.

ఆమె కూడా ఒక్కసారి ఓటు వేసింది. చిన్నతనంలో కాదు, బాగా బుద్ధెరిగాకే. అధ్యక్షుడిగా నిలబడ్డ ఒకాయన మా సంతలో ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, పరాయి దేశాల గొడవలు మనకెందుకమ్మా అన్నాడు. ఆమె నమ్మింది, వేసింది. ఆయన గెలిచాడు. తరవాత ఆమె తమ్ముడు కర్టిస్, నేషనల్ గార్డులో వారాంతాల్లో మాత్రమే కవాతు చేసే సిపాయి, ఇరాక్ వెళ్ళాడు. పెట్టెలో తిరిగొచ్చాడు. డ్వైట్ దగ్గర పియానో నేర్చుకుంటూ వాళ్ళింట్లోనే పెరిగిన కుర్రాడు. పాతిపెట్టిన రోజున ఆర్లీన్ ఏడవలేదు. "నేనే పంపాను వీణ్ణి, నా చేత్తో," అంది. దుఃఖంలో అందరూ ఏదో ఒకటి అంటారనుకున్నాం. ఆమె ఊరికే అనలేదు. ఆ తరవాత ఎన్నికలెన్ని వచ్చినా టౌన్ హాలు గుమ్మం తొక్కలేదు.

మా పార్టీలో ఒక ఆచారముంది. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు, నవ్వనివ్వండి. మేం ఏ పదవికి ఎవర్ని ఎన్నుకున్నా, బాలట్ మీద చివర 'పైవారెవరూ కాదు' అని ఒకటి తప్పకుండా ఉంటుంది. రౌండు రౌండుకీ అడుగునున్నవాడు రాలిపోతాడు గాని అది రాలదు. ఆఖరికి ఒక్కడే మిగిలినా వాడు దాన్ని ఓడించాలి. దాని తరఫున మాట్లాడడానికీ అందరితో సమానంగా సమయమిస్తాం. ఆ ఉపన్యాసం ఎప్పుడూ ఆర్లీన్‌దే. సెప్టిక్ ట్యాంకు కథలతో హాలు హాలంతా పొట్ట పట్టుకునేలా నవ్వించి, ఎవడి చేతికీ కర్ర ఇవ్వని ఓటు గనక తను ఒక్కతే దానికి వేసి, లారీ ఎక్కి వెళ్ళిపోయేది. అది గెలుస్తుందని ఆమెతో సహా ఎవరూ అనుకోలేదు.

మొన్న అధ్యక్ష ఎన్నికలొచ్చిన ఏడు, చలికాలం చివర డ్వైట్ నా షెడ్డుకొచ్చాడు. యంత్రమేదీ పాడవలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"అధ్యక్షుడికి నిలబడదామనుకుంటున్నా, గిల్."

"ఏ క్లబ్బుకి?"

"దేశానికి."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. మా రాష్ట్ర సభలో ఒక పేరు ఎన్నుకుని, ఆ పేరు మీదే సంతకాలు సేకరించి బాలట్ మీదికి ఎక్కిస్తాం. జాతీయ సభ వేరే ఎవర్ని ఎన్నుకున్నా మాకు లెక్క లేదు, పైవాళ్ళ మాట వినే అలవాటుంటే ఈ పార్టీలో ఎందుకుంటాం?

"గెలవనని తెలుసులే," అన్నాడు. "కానీ ఎవరి తమ్ముణ్ణీ ఎక్కడికీ పంపనని చెప్పే పేరు ఒక్కటి, ఆ కాగితం మీద... కర్టిస్ కోసం. సంతకాలకి గడప గడపా నేనే తిరుగుతా. ఒక్కసారి, గిల్. జీవితంలో ఇంకేమీ అడగలేదు కదా నేను."

నిజమే, అడగలేదు. ఆర్లీన్‌కి చెప్పావా అన్నాను. చెప్పానన్నాడు. ఏమందని అడిగితే, లేచి వెళ్ళి లారీ కడుక్కుందన్నాడు. గడ్డకట్టే చలిలో!

సభ రైతుసంఘం హాల్లో జరిగింది. ముగ్గురు పోటీ: కాంకర్డ్ నుంచి ఒక వకీలు, కీన్ నుంచి వెండి నాణేలమ్మే ఒకాయన, మా డ్వైట్. నాణేలాయనే గెలిచేవాడు, మాటకారి. కానీ ఎవరో కుక్కల లైసెన్సు గురించి అడిగితే, "కుక్కకి లైసెన్సుంటే తప్పేముంది, ఊరికి కాస్త రాబడి," అనేశాడు పాపం. ఇంకేముంది! హాలు ఒంటికాలి మీద లేచింది. "రేపు పిల్లికి అడుగుతావు, ఎల్లుండి మా ఆవిడకి అడుగుతావు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మొదటి రౌండులోనే రాలిపోయాడు. వకీలు మీద ఎవరికీ నమ్మకం కుదరలేదు, వకీలు కదా. రెండో రౌండులో అతనూ పోయాడు.

బోర్డు మీద రెండు మిగిలాయి. డ్వైట్ స్టాక్‌పోల్. పైవారెవరూ కాదు.

సభ నడుపుతున్నాయన గొంతు సవరించుకుని, "పైవారెవరూ కాదు తరఫున ఎవరు మాట్లాడతారు?" అన్నాడు. హాలంతా మెడ తిప్పి ఆర్లీన్ వైపు చూసింది.

"నేను మాట్లాడతా," అని లేచాను, ఏదో ఒకటి వాగి పని కానిచ్చేద్దామని.

"కూర్చో, గిల్," అంది. వెళ్ళి మైకు ముందు నిలబడింది. మైకు ఎత్తు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది. మొదటి వరసలోంచి డ్వైట్ మెల్లగా, "చెప్పు ఆర్లీన్. నాకోసం మింగెయ్యకు," అన్నాడు. ఎంత మంచివాడండీ! ఆ మంచితనమే కొంప ముంచింది.

"ఇవాళ కథల్లేవు," అంది ఆర్లీన్. "ఇతను మా ఆయన. కోడిని కొయ్యాల్సొస్తే నన్ను పిలిచి, లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు. ఇంతకన్నా మంచోడు మీకు దొరకడు. నేను ఓటేసినాయన కూడా మంచోడే. సంతలో నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది, అబద్ధం చెప్పే చెయ్యి కాదది. అయినా పంపాడు. ఎందుకంటే మనిషి కాదు పంపేది, ఆ కుర్చీ. అందులో ఎవణ్ణి కూర్చోబెట్టినా పంపుతాడు. డ్వైట్‌ని కూర్చోబెడితే డ్వైటూ పంపుతాడు. మా ఆయన పేరుని ఆ కుర్చీ కింద రాయనివ్వను. ఉత్తుత్తికి కూడా రాయనివ్వను. ఇప్పటికే ఒకణ్ణి ఇచ్చేశాను."

వచ్చి కూర్చుంది. డ్వైట్ పక్కన కాదు, తలుపు దగ్గర.

ఓటు చెప్పమని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. నేను డ్వైట్‌కే వేశాను. మాలో కొద్దిమందే వేశారు. 'పైవారెవరూ కాదు' గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డ్వైట్ లేచి, కుర్చీలు మడిచి గోడకి ఆనించడం మొదలుపెట్టాడు, తనకెవరో ఆ పని పురమాయించినట్టు. నాకు వాళ్ళిద్దరి మీదా కోపమే వచ్చింది. కర్టిస్ ఒక్కడే, ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని లాగుతున్నారు.

బయట లారీ దగ్గర ఆర్లీన్ అడిగింది. "కోపమొచ్చిందా?"

"లేదు. ఇన్నేళ్ళూ 'పైవారు' అంటుంటే, అందులో నేనూ ఉన్నాననుకోలేదు," అన్నాడు డ్వైట్.

వేసవంతా డ్వైట్ ఎప్పట్లానే పియానోలు శ్రుతి చేశాడు, ఎప్పట్లానే నవ్వాడు. ఆర్లీన్‌కే కాలు నిలవలేదు. పనిలేకపోయినా లారీ వేసుకుని తిరిగేది. నా షెడ్డుకొచ్చి, కూర్చోకుండా, "ఏమన్నా అన్నాడా నీతో?" అని అడిగేది. ఏమీ అనలేదంటే, "అనడు, నాకు తెలుసు, అనడు," అంటూ వెళ్ళిపోయేది.

నవంబరు వచ్చింది. ఎన్నికల రోజున టౌన్ హాలు బయట ఎవరి అభ్యర్థి బోర్డు వాళ్ళు పట్టుకుని నిలబడతారు. మాకు అభ్యర్థి లేడు కదా, నేను ఏ పేరూ రాయని తెల్ల బోర్డు పట్టుకుని నిలబడ్డాను, మొండికి. "ఏంటి గిల్, రంగు అయిపోయిందా?" అని లోపల ఓటర్ల జాబితా పెట్టుకుని కూర్చునే మావిస్‌తో సహా ఊరంతా వేళాకోళం. పొద్దున డ్వైట్ రాలేదు. మధ్యాహ్నమూ రాలేదు. చీకటి పడుతుండగా సెప్టిక్ లారీ వచ్చి హాలు మెట్ల ముందే ఆగింది. ఆర్లీన్ దూకినట్టు దిగి, అవతలి తలుపు తెరిచింది. లోపల డ్వైట్ మాసిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు.

"దిగు."

"దేనికి?"

"ఓటెయ్యడానికి! పొద్దున్నుంచీ చూస్తున్నా, చొక్కా మార్చవు, టోపీ పెట్టవు. దిగవయ్యా!"

"ఎవరికి వెయ్యను, ఆర్లీన్?"

"ఎవరికైనా వెయ్యి! అడుగున ఖాళీ గీత ఉంటుందిగా, నీ పేరు నువ్వే రాసుకో, మావిస్ వాళ్ళ కుక్క పేరు రాయి!"

"వద్దులే. నువ్వు చెప్పింది నిజమే కదా. ఆలోచించా. ఎవరైనా పంపుతారు. నేనూ పంపుతానేమో."

ఆర్లీన్ అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగబోయింది. ఓటే మానేసేలా ఆమె ఒప్పించిన మొట్టమొదటి మనిషి అతను. నేను బోర్డు నేలకానించి, ఎటు చూడాలో తెలియక మెట్లవైపు చూశాను. మావిస్ తలుపు దగ్గరికొచ్చి గంట ఊపింది. "మూసేస్తున్నాం! ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఆగు మావిస్! మా ఆయనున్నాడు!"

"లేను," అన్నాడు డ్వైట్ లారీలోంచి.

"ఉన్నాడా లేడా? సరిగ్గా చెప్పండి, నాకు కాళ్ళు లాగుతున్నాయి!"

డ్వైట్ తల అడ్డంగా ఊపాడు. మావిస్ లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు మాకు వినిపించింది.

కర్టిస్‌ని పాతిపెట్టిన రోజున ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. లారీ తలుపు మీద అరచేత్తో కొడుతూ ఏడ్చింది. "నేను ఆ రోజు సభలో వాళ్ళకి చెప్పానయ్యా. నిన్నెవరు ఒప్పుకోమన్నారు? నువ్వు నమ్ముతున్నావనేగా నేనిన్నాళ్ళూ నమ్మకుండా బతికింది! కిటికీలోంచి నువ్వెళ్ళడం చూసి... పోన్లే, ఈ ఇంట్లో ఒకళ్ళకైనా ఇంకా ఆశ ఉందనుకునేదాన్ని. ఇద్దరం మానేస్తే ఎట్లా డ్వైట్? చెప్పు, ఇద్దరం మానేస్తే ఎట్లా?"

 డ్వైట్ లారీ దిగాడు. మెట్లెక్కి వెళ్ళి తలుపు కొట్టాడు. గడియ పడ్డాక ఎవర్నీ ఓటు వెయ్యనివ్వరని ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలుసు, అతనికీ తెలుసు. అయినా కొడుతూనే ఉన్నాడు.