తాళం వేసిన గదిలో బడ్జెట్

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచి నవ్వే. చిత్తూరులో కామర్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఎవరైనా వింత సంగతి మొదలుపెడితే ఎన్ని గంటలకు, ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి అని అడిగి నోరు మూయించేవాణ్ణి. ఈ అనుభవం విషయంలో ఆ ప్రశ్నలన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. అయినా నా నోరే మూతపడింది.

ఎనభైల మొదట్లో సంగతి. పట్టపగలు, ఫిబ్రవరి ఆఖరి రోజు. అప్పట్లో కేంద్ర బడ్జెట్ సాయంత్రం ఐదింటికి చదివేవారు. పన్నుల మాట ప్రసంగం చివర్లో ఎప్పుడో వచ్చేది. రేడియోలో ఇంగ్లీషు వార్తల్లో అది మాకు చేరేసరికి ఆరు దాటేది. తెలుగు వార్తల దాకా ఆగే ఓపిక మా బజారులో ఎవరికీ ఉండేది కాదు.

అందుకని రంగయ్య శెట్టి బట్టల కొట్టు ముందు ఏటా ఒక ఏర్పాటు ఉండేది. శెట్టి తన పెద్ద రేడియోను అరుగు మీద పెట్టించేవాడు. నాకు హైస్కూల్లో చదువు చెప్పిన పురుషోత్తమయ్యవారు పక్కన నల్లబల్ల పెట్టుకుని నిలబడేవారు. బల్ల మీద ఒక పక్క ‘పెరిగేవి’, ఇంకో పక్క ‘తగ్గేవి’. ఇంగ్లీషు వార్త చెవిన పడీ పడగానే తెలుగులో రాసేసేవారు. వీధి వీధంతా అక్కడే. క్రికెట్ మ్యాచ్‌కు కూడా అంత సందడి నేను చూడలేదు.

అయ్యవారికి ఢిల్లీ ఆర్థిక శాఖ అంటే పిచ్చి ఇష్టం. ఎరువుల దగ్గర్నుంచి శ్రీహరికోట రాకెట్టు దాకా ఎవరికి ఎంత అనేది ఆ శాఖ బల్లల మీదే తేలుతుందని, అడిగిందంతా ఇస్తే ఖజానా మిగలదు గనక కత్తెర కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుందని ఉత్సాహంగా చెప్పేవారు. అన్నిటికన్నా ఆయనకు నచ్చిన సంగతి ఇంకొకటి. ఎక్సైజు, అంటే సరుకుల తయారీ మీద వేసే పన్ను, అందులో మార్పులు ఆ అర్ధరాత్రి నుంచే అమల్లోకి వస్తాయి. ముందే పొక్కితే వ్యాపారులు సరుకు దాచేస్తారు. అందుకని బడ్జెట్ అచ్చు వేసేవాళ్ళను ప్రసంగం అయ్యేదాకా లోపలే ఉంచుతారు, ఇంటికి కూడా పంపరు.

ఢిల్లీలో ఉన్న కట్టుబాటు చిత్తూరులో ఎందుకుండకూడదని ఆయన పట్టుదల. నల్లబల్లను శెట్టి కొట్టు వెనక చిన్న గదిలో పెట్టి తాళం వేసేవారు. బడ్జెట్ నాడు తప్ప తీసేవారు కాదు. ఆ గదికి కిటికీ లేదు. తాళం చెవి ఒక్కటే, అది ఆయన మొలతాడుకే ఉండేది. ఖాళీ బల్లకు ఇంత కాపలా ఏమిటని మేమంతా ఏడిపించేవాళ్ళం.

ఆ ఏడు పుష్యమాసంలో అయ్యవారు పోయారు. పదోరోజు వెళితే ఆయన భార్య కొంగు ముడిలోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది నీకే ఇయ్యమన్నాడప్పా. బల్ల కాడ ఈసారి నువ్వు నిలబడల్లంట” అంది.

నాకు ఏడుపొచ్చింది. భయం కూడా వేసింది. ఆ ఏడు బడ్జెట్ మా ఇంటికే గండంగా ఉంది మరి.

మా నాయన బట్టల సబ్బు తయారు చేసేవాడు. షెడ్డులో పెద్ద బానలు, కర్రలతో కలియతిప్పే పని. కరెంటు వాడని సబ్బుకు ఎక్సైజు లేదు, దాంతోనే నెగ్గుకొస్తున్నాం. అయితే తిప్పి తిప్పి నాయన కుడి భుజం పడిపోయింది. అన్నం ముద్ద కూడా ఎడమ చేత్తో ఎత్తుకునేవాడు. కలిపే మోటారు యంత్రం కొంటే ఆ చెయ్యి మిగులుతుంది, పన్ను నెత్తిన పడుతుంది. కొనకపోతే షెడ్డు మూతే.

మద్రాసు నుంచి యంత్రాల ఏజెంటు ఆ రోజే వచ్చాడు. పాతదే గానీ మంచి యంత్రం, ధర మాకు అందేది. వేలూరులో ఇంకొకరు అడుగుతున్నారట. ఐదున్నర బస్సు ఎక్కేలోపు సంతకం పెట్టాలన్నాడు. పన్నుల కబురు వచ్చేదేమో ఆరు దాటాక.

నాలుగింటికి నేను వెనక గది తాళం తీశాను. ఏడాదిగా పట్టిన తుప్పు, తిప్పితే చేతికి అంటుకుంది. నేలంతా దుమ్ము. అడుగు జాడ ఒక్కటీ లేదు. టార్చి వేసి బల్ల వైపు చూశాను.

బల్ల మీద రాసి ఉంది.

‘పెరిగేవి’ కింద అగ్గిపెట్టెలు. దాని కింద దువ్వెనలు. ‘తగ్గేవి’ కింద ఒకే ఒక్క మాట, సబ్బు. పక్కనే చిన్న అక్షరాలతో ‘చిన్న షెడ్లు, మోటారు ఉన్నా సరే’ అని ఉంది. కుడివైపుకి ఎక్కుతూ పోయే రాత, ఒక్కో మాట కింద రెండేసి గీతలు. హైస్కూలంతా ఆ రాత చూసి నోట్సు ఎక్కించుకున్నవాణ్ణి, పొరబడే ప్రశ్నే లేదు. బల్ల కింద దుమ్ము మీద సుద్దపొడి తెల్లగా రాలి ఉంది.

నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, మొదట వచ్చింది కోపమే. చచ్చిపోయిన మనిషితో ఎవడురా ఈ ఆటలు అనుకున్నాను. గుడ్డ తడిపి బల్లంతా తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. బయటికి తెచ్చి మధ్యలో నిలువు గీత గీసి, ‘పెరిగేవి’, ‘తగ్గేవి’ అని మళ్ళీ రాసి నిలబడ్డాను.

ఐదుంపావుకి ఏజెంటు సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

“ఏం పెద్దాయనా, నేను బస్సుకు పోవల్ల. ఊనా, కాదా?”

నాయన నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

“ఏం జేద్దాం రా? సదువుకున్నోడివి, నువ్వే సెప్పు.”

ఆగమని చెప్పాలి. కామర్స్ చదివినవాడెవడైనా అదే చెబుతాడు. నేను కూడా అదే చెప్పబోయాను.

“సంతకం పెట్టు నాయనా” అన్నాను.

నాయన ఎడమ చేత్తో కాగితం నొక్కిపట్టి, కుడిచేత్తో పళ్ళు బిగించి సంతకం పెట్టాడు. ఏజెంటు వెళ్ళిపోయాడు. అప్పుడు పట్టుకుంది నాకు అసలు దడ. తుడిచేసిన బల్లను నమ్మి కన్నతండ్రిని ముంచానా అనుకున్నాను.

ఇంగ్లీషు వార్తలు మొదలయ్యాయి. వీధి గప్‌చిప్. మొట్టమొదట అగ్గిపెట్టెలు పెరిగాయి. రాశాను. జనం ఉసూరుమన్నారు. తరవాత ప్లాస్టిక్ దువ్వెనలు. శెట్టి తన బట్టతల తడుముకుని “నాకేం నష్టం లేదబ్బా” అంటే అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళంతా గగుర్పొడిచింది. దువ్వెనలను ఎవడు ఊహించగలడు? రేడియో గరగరమంది. శెట్టి దాని నెత్తిన ఒక్కటి చరిచాడు. చిన్న షెడ్లలో తయారయ్యే సబ్బుకు, కరెంటు వాడినా సరే, మినహాయింపు ఇచ్చారన్న ముక్క అప్పుడు వినబడింది.

నేను కేక పెట్టాను. సుద్దముక్క చేతిలోనే విరిగింది. నాయనకు ఇంగ్లీషు రాదు, నా ముఖం చూసే అర్థం చేసుకున్నాడు. గబగబా వచ్చి నన్ను వాటేసుకుని వీధిలోనే ఏడ్చాడు. శెట్టి బెల్లం మిఠాయి తెప్పించి పంచిపెట్టాడు. అంత సంతోషం ఆ అరుగు మీద మళ్ళీ చూడలేదు.

ఇంటికి వెళుతూ నాయనకు జరిగింది చెప్పాను. ఆయన నడుస్తున్నవాడల్లా ఆగాడు.

“అయ్యోరు రాసింది తుడిసేసినావా?” అన్నాడు. అంతే.

తరవాత చాలా వాకబు చేశాను. దీపావళి దాటినప్పటి నుంచి అయ్యవారు మంచం దిగలేదని ఆయన భార్య చెప్పింది. ఆ తాళం ఎవరూ ముట్టలేదని శెట్టి ఒట్టు పెట్టాడు. ఏడాది కిందటే ఊహించి రాశారనుకుందామా? దుమ్ము కింద ఉండాల్సిన సుద్దపొడి దుమ్ము మీద ఎందుకుంది? ఢిల్లీలో తాళం వేసుకున్న రహస్యం మా ఊరి తాళం వెనక్కి ఎలా చేరింది? నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు.

యంత్రం వచ్చింది. ఏడాది తిరిగేసరికి నాయన కుడిచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు.

మరుసటి బడ్జెట్ నాడు నాలుగింటికి మళ్ళీ ఆ గది తలుపు తీశాను. ఈసారి తడిగుడ్డ తీసుకెళ్ళలేదు. టార్చి వేశాను. నల్లగా, ఖాళీగా ఉంది బల్ల. అయినా ఐదయ్యేదాకా దాని ముందు అలాగే నిలబడ్డాను. బయట శెట్టి నన్ను పిలుస్తూనే ఉన్నాడు.