రోజర్ మామ

ఆ గదిలో ఉన్నది మా బాబాయి, నేను, ఒక రేడియో సెట్టు, ఒక మైకు. ఇప్పటికీ పాత రేడియో వేడెక్కి దుమ్ము కాలిన వాసన వస్తే, వరంగల్ శివారులోని ఆ విమానాల మైదానమే గుర్తొస్తుంది.

దిగే విమానాలతో బాబాయి మాట్లాడేవాడు. అవతలి నుంచి ఎప్పుడూ "రోజర్" అని వినిపించేది. అది పైలట్ పేరనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం మబ్బు కమ్మింది. రన్‌వే మీదికి బర్రెలొచ్చాయి. దిగవద్దని బాబాయి మైకులో చెప్పాడు. గరగర మధ్య "రోజర్" అని వినిపించింది. విమానం మాత్రం కిందికే వస్తోంది.

"రోజర్ మామ పలికిండు గద బాబాయ్, ఇంక ఫికరెందుకు?" అన్నాను.

"అది పేరు గాదుర పిచ్చోడా. రోజరంటే 'ఇన్న' అని. ఏమిన్నడో చెప్పలే," అంటూనే బాబాయి మళ్లీ మైకు నొక్కి, తను చెప్పింది తిరిగి చెప్పమన్నాడు.

దిగుతున్నానని జవాబొచ్చింది.

బాబాయి ఒక్కో మాట విడదీసి మళ్లీ చెప్పాడు. ఈసారి పైలట్ దిగనన్నాడు. కిటికీ అద్దాలు అదిరిపోయేలా విమానం పైకి లేచింది.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లు "సరే సార్" అంటే నాకు చాలదు. చెప్పింది తిరిగి చెప్పించుకుంటాను. చాదస్తమని నవ్వుకుంటారు.

ఆ రోజు రన్‌వే మీద ఉన్నవి తొమ్మిది బర్రెలు. వాటిని తోలుతున్న పిల్లలు ఇద్దరు.