గేదెల డాక్టరు వేసిన కుట్లు

పదిహేనేళ్ళు గేదెలకూ ఆవులకూ కుట్లు వేసిన చెయ్యి నాది. రెడ్డిగూడెం చుట్టుపక్కల ఊళ్ళలో కొమ్ము పోటు తగిలిన పశువు ఉందంటే కబురు నాకే వచ్చేది. గేదె తోలు కుట్టాలంటే సూది మీద ఒంటి బరువంతా వెయ్యాలి, పళ్ళు బిగబట్టి ముడి లాగాలి. ఆ బలం చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

తర్వాత తర్వాత, నా క్లినిక్ ఉన్న నూజివీడులో వీధికి పది పెంపుడు కుక్కలయ్యాయి. నేనూ మారాలి కదా అని నలభై దాటాక కుక్కలు, పిల్లుల సర్జరీలో స్పెషల్ ట్రైనింగ్‌కి సిటీకి వెళ్ళాను. మాకు నేర్పిన మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్నది. మొదటి వారమే అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఇది గేదె తోలు కాదండీ. పేగు అంచులు ఒకదానికొకటి తగిలితే చాలు. ఇలా బిగిస్తే రక్తం ఆడదు. మూడో రోజుకో నాలుగో రోజుకో మీ ముడే పేగుని కోసేస్తుంది" అంది.

పక్కనున్న కుర్ర డాక్టర్లు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పేదేంటి అనుకున్నాను. ట్రైనింగ్ అయ్యేవరకూ ఆమె చూస్తుంటే వదులుగా, చూడకపోతే నా పద్ధతిలో ముడులు వేశాను. సర్టిఫికెట్ తెచ్చి క్లినిక్ గోడకి తగిలించాను. కొత్త బోర్డు కూడా రాయించాను.

ఆ వేసవిలోనే ఒక మామిడికాయల వ్యాపారి భార్య తమ కుక్కని తెచ్చింది. తెల్లటి ఆడకుక్క. కూతురు ముచ్చటపడి చిన్నప్పట్నుంచీ పెంచుకున్నదట. ఆ అమ్మాయి హాస్టల్లో ఉండి పరీక్షలు రాస్తోంది, కుక్కని తల్లికి అప్పజెప్పింది. రెండు రోజులుగా వాంతులు. పొట్ట తడిమితే లోపల గట్టిగా తగిలింది. మామిడి సీజన్‌లో మా వైపు ఇది మామూలే. చిన్న రసాలు పీల్చి మనం పారేసిన టెంకని కుక్కలు తీపికి మింగేస్తాయి, అది పేగులో అడ్డం పడుతుంది.

ఆపరేషన్ చేసి టెంక తీశాను. పేగు కుట్టేటప్పుడు మేడమ్ మాట గుర్తు రాలేదని అబద్ధమాడను. గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే ఇంకాస్త బిగించాను.

నాలుగో రోజు పొట్ట ఉబ్బిపోయి, ఒళ్ళు కాలిపోతుంటే మళ్ళీ తెచ్చారు. మళ్ళీ తెరిచాను. నా ముడి పడ్డ చోటల్లా పేగు నల్లబడి తెగిపోయింది. బల్ల మీదే ప్రాణం పోయింది.

బయటికొచ్చేసరికి ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. విషయం చెప్పి, వెంటనే అడిగాను. "తినడానికేమైనా పెట్టారా?"

"నిన్న రెండు ముద్దలు పెరుగన్నం పెట్టానండి. ఆకలికి నా వెనకే తిరుగుతుంటే చూడలేక..."

ఆ పాటి మెత్తటి తిండి పెట్టొచ్చు. పెట్టమని మొదటే చెప్పాల్సింది నేను. అయినా, "అదేనండీ. దాంతోనే కుట్లు తెగిపోయాయి" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆవిడ తన కుడిచెయ్యి వంక చూసుకుంది. నేను ఓదార్చాను కూడా, తెలియక పెట్టారు, మీరు మాత్రం ఏం చేస్తారు అని. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుండాలి.

అప్పట్నుంచి ముడులు మేడమ్ చెప్పినట్టే వేస్తున్నాను. పేగులు మానుతున్నాయి. కోలుకున్న కుక్క తోకాడిస్తూ ఇంటికెళ్తుంటే యజమానులు నాకు దణ్ణాలు పెడతారు. నేను తల వంచుకుని చేతులు కడుక్కుంటాను. అలా రెండేళ్ళు గడిచాక ఇక నా వల్ల కాక, మొన్నొక మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"మీ కుక్క పోయింది అన్నం వల్ల కాదండి. నా కుట్ల వల్ల" అన్నాను నిలబడే.

తిడుతుందనుకున్నాను. తిడితే బావుండుననీ అనుకున్నాను.

"ఆ రోజే తెలుసా అండీ మీకు?" అని మాత్రం అడిగింది.

తెలుసన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి ఫోన్ తెచ్చింది. "నేను పెట్టిన అన్నం తినే చచ్చిపోయిందని మా అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడదండి. సెలవులకి ఇంటికొచ్చినా నా చేత్తో వడ్డిస్తే తినదు. ఆ మాటేదో దానికి చెప్పండి" అని నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

చాలాసేపు మోగింది.

"ఏంటి?" అంది అవతల ఆ అమ్మాయి. అమ్మా అని కూడా అనలేదు.