బాబాయి అరువు నొప్పులు

మా బాబాయిది ఒకటే అలవాటు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, డాక్టరు దగ్గరికి ముందుగా రోగిగా తానే వెళ్ళేవాడు. అసలు రోగి బయట బల్లమీద కూర్చోవాలి. లోపల బాబాయి ఆ బాధలన్నీ తనవే అన్నట్లు మూలిగి, డాక్టరును ఆపాదమస్తకం పరీక్షించి, నచ్చితేనే మమ్మల్ని పిలిచేవాడు. “పెళ్ళికొడుకును చూడకుండా పిల్లనిస్తామా? డాక్టరును చూడకుండా ఒళ్ళెలా ఇస్తాంరా?” అన్నది ఆయన సిద్ధాంతం.

పిన్నికి మోకాలి నొప్పి వస్తే, కట్టు బాబాయి కాలికి పడింది. మా చెల్లెలికి చూపు మందగిస్తే, కళ్ళజోడు బాబాయి ముక్కు మీదికెక్కింది. అది తీసేదాకా ఆయన తలుపు ఉన్నచోట గోడనూ, గోడ ఉన్నచోట తలుపునూ దర్శిస్తూ తిరిగాడు.

ఈ మహావ్రతానికి ఒక్క మినహాయింపు ఉండేది. సూది కనబడిందా, అంతవరకు అంపశయ్య మీద ఉన్నట్లు మూలిగిన మనిషి చెంగున లేచి, “అబ్బే, తగ్గిపోయిందండీ!” అంటూ వీధి చివర తేలేవాడు.

“సూదిమందు ఎక్కించక్కర్లేదు, చూపిస్తే చాలు మీ బాబాయికి,” అనేది పిన్ని.

అటువంటి బాబాయి చేతికి ఒకనాడు నా దవడ చిక్కింది.

ప్రాచీన పద్యాలు చదివి, అర్థతాత్పర్యాలు చెప్పడం నా వృత్తి. నోరే నా నాగలి. ఆ నోరు ఉన్నట్టుండి వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం మానేసింది. నొప్పి దవడలో పుట్టి, చెవిలో కాపురం పెట్టి, కణతకు రాకపోకలు సాగించేది. అది పంటిదో, చెవిదో, ఎముకదో నాకు అంతుపట్టలేదు. తరగతిలో ఒక దీర్ఘసమాసం ఎత్తుకుంటే సగంలో దవడ బిగిసింది. మిగతా సగం లోపలే ఉండిపోయింది. అక్కడ విరామం ఉందనుకుని విద్యార్థులు భక్తిగా గుర్తు పెట్టుకున్నారు.

“నువ్వు నోరు తెరవకు. నేను తెరుస్తాను,” అని బాబాయి అభయమిచ్చాడు.

మొదట చెవి డాక్టరు. లోపలినుంచి మాటలు వినబడుతున్నాయి.

“ఏ చెవండీ?”

బాబాయి గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. “ఒరేయ్, మనకి ఏ చెవి?”

ఎడమ చెంప చూపించాను. ఎదురుగా ఉన్న బాబాయి అద్దంలో బొమ్మలా తన కుడి చెవి తీసుకెళ్ళి అప్పగించాడు. ఆ చెవి నిక్షేపంగా ఉందనీ, దవడ అంటున్నారు కాబట్టి ఎముకల డాక్టరును చూడమనీ తీర్పు వచ్చింది.

ఎముకల డాక్టరు, “నోరు తెరవండి,” అన్నాడు. బాబాయి గుహలా తెరిచాడు.

“బాగానే తెరుచుకుంటోందిగా?”

“అదేనండీ విచిత్రం! నాది తెరుచుకుంటుంది. మాది తెరుచుకోదు.”

డాక్టరు ఆయననూ, తలుపు సందులో ఉన్న నన్నూ మార్చి మార్చి చూశాడు. “ఇంతకీ నొప్పి ఎవరికండీ?”

“మా ఇంటికండీ.”

“అయితే పళ్ళ డాక్టరును చూడండి,” అన్నాడాయన, నుదురు పట్టుకుని.

అష్టదిక్పాలకుల్లా వైద్యులు ముఖాన్ని పంచుకున్నారు గాని, దవడకు మాత్రం దిక్కు లేదనిపించింది. అప్పటికి నొప్పి నాదేనా అన్న సందేహం కూడా నాకు మొదలయింది.

పళ్ళ డాక్టరు గదిలో “దవడ నొప్పి ఎవరు?” అని పిలిస్తే ఇద్దరం లేచాం. ఇద్దరికీ ఎక్స్‌రే తీశారు. డాక్టరు రెండింటినీ వెలుతురుకు పట్టి చూశాడు.

“ఒకరి జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా పడుకుని ఉంది. ఇంకొకరిది పూర్తిగా పుచ్చిపోయింది. ఏది ఎవరిది?”

“అడ్డం తిరిగింది వీడిదండీ, చదువు ఎక్కువయింది. పుచ్చింది నాదే. ఎప్పటినుంచో సర్దుకుపోతున్నాం లెండి.”

“తీయించుకోలేదేం?”

“సూది వేస్తారు కదండీ!”

డాక్టరు నావైపు తిరిగాడు. “మీ పన్ను నేను తియ్యను. నోరు, దవడ, ముఖం ఆపరేషన్లకు మాక్సిలోఫేషియల్ సర్జన్లని వేరే ఉంటారు. పన్ను నరానికి ఆనుకుని ఉంది. తేడా వస్తే కింది పెదవి మొద్దుబారవచ్చు.” వాపు తగ్గి నోరు తెరుచుకోవడానికి మాత్రలు రాసిచ్చాడు.

పెదవి లేనిదే పవర్గం లేదు. ప, ఫ, బ, భ, మ పలకనివాడు భగవంతుణ్ణి ఏమని పిలుస్తాడు? “నాకు ఆపరేషన్ వద్దు బాబాయ్. నొప్పి ఉంటే ఉండనీ,” అన్నాను.

ఆ తరువాత బాబాయి పొద్దున్నే బయలుదేరి ఎక్కడెక్కడో సర్జన్ల కోసం తిరిగాడు. నా నోరు కాస్త తెరుచుకున్నాక, “ఒకావిడ ఉంది. చూసి వద్దాం రా,” అని లాక్కుపోయాడు.

యథాప్రకారం నేను బల్లమీద కూర్చున్నాను. నర్సు పళ్ళెంలో సూది పెట్టుకుని లోపలికి వెళ్ళింది. పారిపోయి వచ్చే బాబాయి తొక్కకుండా నా కాళ్ళు రెండూ వెనక్కి లాక్కున్నాను.

గుమ్మంలో బాబాయి ముఖం కనబడనే కనబడింది. నన్ను చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

కాళ్ళు తిమ్మిరెక్కాయి గాని బాబాయి రాలేదు. చివరికి నర్సు నన్ను పిలిచింది. లోపల కుర్చీలో బాబాయి, బుగ్గలో దూది, కళ్ళనిండా నీళ్ళు. పక్క గిన్నెలో ఆయన పుచ్చుపన్ను.

“మీ బాబాయిగారికి ఒకటే ప్రశ్నండీ,” అంది సర్జను. “పన్ను తీశాక పద్యం వస్తుందా అని. మీ పన్ను వేరు, ఆయన పన్ను వేరు అని ఎంత చెప్పినా, ముందు నాది తియ్యండి, చూస్తానన్నారు.”

బాబాయి దూది తీసేసి, నా నోట విన్న పద్యమొకటి ఎత్తుకున్నాడు. మొద్దుబారిన పెదవి మీద పవర్గమంతా గాలిలో కలిసిపోయింది. నేను గుమ్మం వైపు తిరిగాను. ఆయన ఆగమన్నట్లు చెయ్యి చూపాడు. మత్తు దిగేదాకా ఇద్దరం బల్లమీద కూర్చున్నాం. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి “భ” దగ్గర కిటికీ అద్దం అదిరింది.

లోకం కోసం హాలాహలం మింగిన దేవుడు దాన్ని కంఠంలో దాచుకున్నాడు. మా బాబాయి బుగ్గలో పెట్టుకున్నాడు.

ఇక నా వంతు. కుర్చీ ఎక్కాను. సూది కనబడింది.

“అబ్బే, తగ్గిపోయిందండీ!” అన్నాను.

“కూర్చోరా!” బాబాయి నా భుజాలు అదిమి పట్టాడు. “ఆ మాట నాది. అరువివ్వను.”

సర్జను ఆ పంటిని ముక్కలు చేసి, నరాన్ని పలకరించకుండా ఓపికగా బయటికి తీసింది. మత్తు దిగాక, “ఏదైనా పలకండి,” అంది. కంఠస్థమైన పద్యాలన్నీ ఆ క్షణాన ఎటు పోయాయో తెలియదు.

“బాబాయ్!” అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని సర్జను వైపు తిరిగాడు.

“రెండు బ-లూ బాగున్నాయండీ. మీరు పాసు! మా ఆవిడ పంటికి కూడా నేనే వస్తాను.”