ఇల్లే అని రాయించిన పెద్దమ్మ

మా పక్కింటి టైలర్ పెద్దమ్మ పోయిన నెల ఒక శుక్రవారం చనిపోయింది. నేను రేణిగుంట గోడౌన్‌లో లారీ సరుకు దించుతా ఉంటే మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూట కింద పెట్టేసి వచ్చినాను. గుండె నొప్పంట, ఎక్కువ బాధపడలేదంట. అంతవరకు నయం.

ఆమె రవికెలు కుట్టేది. చేతుల కొలతలు గీసి కత్తిరించుకోవడానికి ఎన్నికల కరపత్రాలు దాచిపెట్టుకునేది. మేమొస్తే కరెంటు చార్జీలు తగ్గిస్తామని ఒక పార్టీది, పెంచిందే మీరు కదా అని ఇంకో పార్టీది. "దేంట్లో కోసినా చెయ్యి కురచగానే వస్తాంది నాయనా" అనేది.

నాకు నవ్వొచ్చేది కాదు. గెలవకముందు తగ్గిస్తామంటారు, గెలిచినాక పాతోళ్ల అప్పులంటారు. మేడ మీద సోలార్ పెట్టుకోమంటారు. అద్దెకుండేవాడికి మేడ యాడిది? నేనిట్ల అరుస్తా ఉంటే ఆమె సూదిలో దారం ఎక్కిస్తా, "నీ పార్టీ పెంచినప్పుడు గమ్మునుంటివే, గొంతు పట్టేసిందా?" అనేది. నిజమే. గమ్మునే ఉండినాను.

ఒకసారి కరెంటాఫీసు నుంచి తనిఖీకొచ్చినోళ్లు ఆమె మిషన్‌కున్న మోటారు చూసినారు. ఇండ్లకుండే ఒకటో కేటగిరీ నుంచి దుకాణాలకుండే రెండో కేటగిరీకి మీటరు మార్చేసినారు. ఆ రేటు భరించలేక పెద్దమ్మ మోటారు పీకించి కాలితో తొక్కింది. మోకాళ్లు వాచిపోయినాయి. వీధిలో మిషన్ ఉండే ఆడోళ్లందరికీ రేపు మన వంతే అని భయం.

కొత్త చార్జీల మీద తిరుపతిలో ప్రజాభిప్రాయ సేకరణ ఉందని పేపర్లో చూసి, ఆమె తరపున నాలుగు పేజీలు రాసినాను. తిరుపతికి పొయ్యే బస్సులో పెద్దమ్మ వాటిని చదివింది.

"గవర్నమెంటును తిట్టినావు, కంపెనీలను తిట్టినావు. దీంట్లో నా మిషన్ యాడుండాది రా?"

"పోరాటం పెద్దది పెద్దమ్మా."

"నా మోకాలు చిన్నదా?"

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకునింది. మైకు ముందర తనే నిలబడింది. "సార్, ఇంట్లో మిషన్ ఉండాదని మా ఇంటిని దుకాణమన్నారు. మా మనవడు ఆ మిషన్ బల్ల మీదే అన్నం తింటాడు. మరి హోటలని రాసుకోలేదేం?"

హాలంతా నవ్వింది. వేదిక మీదుండే పెద్దసారు కూడా నవ్వి, పక్కనోళ్లతో రాసుకోండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. "తిట్టింటే రాసుకునేవాళ్లా?"

మర్నాడు నా నాలుగు పేజీలూ రవికె కొలతలకు కత్తిరించేసింది. "నీ కాగితం మందంగా ఉండాది, బాగా నిలుస్తాది" అని మెచ్చుకునింది కూడా.

కొన్ని నెలలకు ఆమె మీటరు మళ్లా ఇంటి కిందికే వచ్చింది. పీకించిన మోటారు మళ్లా బిగించుకునింది. ఆడోళ్లు ఇంట్లో ఒక మిషన్ పెట్టుకుంటే దుకాణం కాదని రాసిచ్చినారు. వీధిలో ఇంకెవరి మీటరూ మార్చలేదు. చార్జీలేమీ తగ్గలేదు, నా కోపమూ తగ్గలేదు. కానీ ఏది అడగాలో, ఎవరి కోసం అడగాలో ఆ పొద్దు నేర్చుకున్నాను. ఏ బడిలోనూ నాకది దొరకలేదు.

నిన్న మీటరు రీడింగ్ తీసే ఆయన వచ్చినాడు. పెద్దమ్మ లేదని తెలిసి, బిల్లు గుమ్మం బయటినుంచే చాపినాడు. ఆమె కోడలు మిషన్ ఆపి బిల్లు అందుకునింది. ఎంతొచ్చిందో చూడలేదు. పైనుంచి ఒక్కో వరుస మీద వేలు దించుకుంటా వచ్చి, కేటగిరీ దగ్గర ఆగింది.

"ఒకటి" అని పైకే చదివింది. బిల్లు మడిచి పెట్టి, మోటారు వేసింది.